పత్తి ఊళ్లలో డిక్కీ కారు

సెడాన్ అనే మాట షోరూం కాగితాల్లో, పత్రికల ప్రకటనల్లో కనిపించినంతగా పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో వినిపించదు. అక్కడివారు దాన్ని డిక్కీ కారు అంటారు, ఆ రెండు మాటల్లోనే వస్తువు స్వరూపం తెలిసిపోతుంది. ముందు ఇంజనుకు ఒక అర, నడుమ మనుషులకు ఒక అర, వెనుక సామానుకు మరొక అర ఉన్న కారును వాహన పరిశ్రమ సెడాన్ అంటుంది. వెనుక అర విడిగా లేకుండా, వెనుక తలుపు ఎత్తగానే సీటు వీపు కనిపించేది హ్యాచ్‌బ్యాక్. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో ఇద్దరు మనుషులు మోసే మూత కుర్చీకి, అంటే ఒక రకం పల్లకీకి, సెడాన్ అని పేరు ఉండేది. డిక్కీ అన్నది తొలినాటి మోటారు కార్ల వెనుక భాగంలో మడత విప్పి కూర్చునే అదనపు సీటు పేరు కాగా, మన దేశంలో అది సామాను అరకు స్థిరపడింది. మనుషులు కూర్చునే రెండు ఆసనాల పేర్లు ఇలా ఒకే కారు మీదికి చేరడం, అందులో ఒకటి మూటలు పెట్టుకునే చోటుకు దక్కడం, భాషలో జరిగే చిత్రాల్లో ఒకటి.

ఇక మధ్యతరహా అనే విశేషణానికి కొలత ఉంది. భారత వాహన తయారీదారుల సంఘం కార్లను పొడవును బట్టి విభజించినప్పుడు 4,001 నుంచి 4,500 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవాటిని మధ్యతరహా తరగతిలో చేర్చింది. ఆ లెక్కన 4,325 మిల్లీమీటర్ల అంబాసిడర్, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవకముందే, మధ్యతరహా సెడాన్. కారు పొడవు ఎంత ఉండాలి, అది ఏ ఇంధనంతో నడవాలి, ఎవరి చేతికి ఎన్నేళ్లకు అందాలి అన్న విషయాలను పశ్చిమ కర్నూలు కొనుగోలుదారు తన ఇష్టంతో తేల్చుకున్న సందర్భాలు తక్కువ. ఢిల్లీలో రాసిన లైసెన్సు నిబంధన, బడ్జెట్‌లోని ఒక వాక్యం, ఒక రాష్ట్ర సరిహద్దు గీత వాటిని చాలావరకు ముందే తేల్చేశాయి. మిగిలిన కొంత మేరకు మాత్రం ఈ ప్రాంతం తన పద్ధతిలో కారును వాడుకుంది.

నిజాం నుంచి 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో ఆదోని ఒక భాగం, తరువాత శతాబ్దంన్నర పాటు అది బళ్లారి జిల్లాలో తాలూకాగా ఉంది. నల్లరేగడి నేలల్లో పండిన ఇక్కడి పత్తికి మద్రాసు వర్తకంలో వెస్టర్న్స్ అని పేరు ఉండేది, అంటే పడమటి జిల్లాల సరుకు. బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద కలిశాక, ఆ దారిలో ఉన్న ఆదోని రెండు మహానగరాలకూ నేరుగా సరుకు పంపగల ఊరైంది. గింజ తీసే జిన్నింగు మిల్లులు, దూదిని బేళ్లుగా అదిమే ప్రెస్సులు, నూనె మిల్లులు, కమీషన్ మండీలు పెరిగి, రెండో బొంబాయి అని జనం చెప్పుకునే స్థాయికి చేరింది. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరుది వేరే దారి. అక్కడ 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం మగ్గాల ఊరికి ఒక పెద్ద సంస్థను ఇచ్చింది, ఆయనకు 1954లో పద్మశ్రీ లభించింది. ఒక ఊళ్లో డబ్బు సీజనును బట్టి ఒక్కసారిగా వచ్చి పడేది, రెండో ఊళ్లో వారం వారం కూలిగా చేతికి వచ్చేది. ఈ తేడా కార్ల విషయంలో చాలాకాలం కనిపించింది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, వాటిలో మొదటి రెండూ కర్నూలు జిల్లాలో చేరగా బళ్లారి పట్టణం మైసూరుకు పోయింది. అంతవరకు కోర్టుకు, కలెక్టరు కచేరికి, పెద్దాసుపత్రికి వెళ్లిన ఊరు రాత్రికి రాత్రి పరాయి రాష్ట్రం అయింది. కొత్త జిల్లా కేంద్రం కర్నూలు సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉండగా, పాత కేంద్రం బళ్లారి దానికన్నా దగ్గరగానే ఉండిపోయింది. బట్టలు, బంగారం, వైద్యం, పెళ్లి సంబంధాలు పాత దారిలోనే సాగాయి. మోటారు బండికి మాత్రం ఏ రాష్ట్రంలో కొంటే ఆ రాష్ట్రపు నంబరు, ఆ రాష్ట్రపు పన్ను వచ్చి పడేవి.

కొత్త రాష్ట్రం ఏర్పడిన ఆ 1953లోనే కేంద్ర ప్రభుత్వం టారిఫ్ కమిషన్ సిఫారసు మేరకు, దేశంలోనే విడిభాగాలు తయారు చేసే ప్రణాళిక ఉన్న కంపెనీలకు తప్ప మిగతావారికి కార్ల రంగంలో చోటు లేకుండా చేసింది. దిగుమతి చేసుకున్న భాగాలను బొంబాయిలో బిగించి అమ్ముతున్న జనరల్ మోటార్స్ 1954లో మూసుకుని వెళ్లిపోయింది. ఆపైన సామాన్యంగా కొనదగిన కార్లు మూడే మిగిలాయి: కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన, బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాకు వారసురాలైన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసిన, 1970ల నడుమ ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్, మద్రాసు శివార్లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మూడూ డిక్కీ కార్లే కావడం గమనించదగిన విషయం, ఎందుకంటే ఆ కాలంలో ఈ దేశంలో కారు అంటే సెడాన్ అనే అర్థం.

డబ్బు ఉన్నంతమాత్రాన కారు వచ్చేది కాదు. డిపాజిట్టు కట్టి పేరు నమోదు చేసుకున్నవారు సంవత్సరాల తరబడి ఎదురుచూసేవారు, ముఖ్యంగా ఫియట్ వరుస అన్నిటికంటే పొడవు. కొంత భాగం ప్రభుత్వ కోటాకు పోయేది, ధర మీద అదుపు ఉండేది, కొత్తకారును వెంటనే మరొకరికి అమ్ముకోకుండా ఆంక్షలు ఉండేవి. ధరను అణచి సరుకును పెంచకపోతే జరగవలసిందే జరిగింది, వాడిన కారు కొత్తకారు ధరకు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువకు అమ్ముడుపోయింది. ఆదోనిలో కారు జిన్నింగు మిల్లు యజమానులు, మండీ సాహుకార్లు, పేరున్న డాక్టర్లు, వకీళ్ల ఇళ్ల ముందు నిలిచే వస్తువు. మిగిలిన ఊరంతటికీ అది పెళ్లికి, ప్రసవానికి, ఎన్నికలకు బాడుగకు తెచ్చుకునే వస్తువు. స్టీరింగు కింద గేరు కడ్డీ ఉండి, అందుకే హ్యాండ్ గేరు బండి అనిపించుకున్న పాత అంబాసిడర్‌లో ముందు సీటు ఒకే బల్లలా ఉండేది కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, వెనుక నలుగురైదుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు కూర్చునేవారు. డిక్కీలో బియ్యం సంచి, పెట్టె, టెంకాయల బుట్ట పట్టేవి, మూత పడకపోతే తాడుతో బంపరుకు కట్టేవారు. ఐదుగురి వాహనమన్న రిజిస్ట్రేషన్ కాగితం డ్రైవరు పెట్టెలో భద్రంగా ఉండేది.

1983 డిసెంబరులో మారుతి 800 రావడం దేశమంతటా మధ్యతరగతి కథను మార్చిందన్నది నిజమే గాని, డిక్కీ కార్ల చరిత్రలో దాని పాత్ర వేరు. కారు అంటే సెడాన్ అన్న సమీకరణాన్ని అది చెరిపేసింది. అంతవరకు మామూలు వస్తువైన డిక్కీ ఒక మెట్టు పైది అయింది. 1990లో వచ్చిన మారుతి 1000 ఆ మెట్టు మీద నిలిచింది. 970 సీసీల ఇంజను దాని బరువుకు చాలలేదని వాడినవారు అన్నా, నున్నని ముక్కూ చదునైన తోకా ఉన్న ఆ ఆకారం అంబాసిడర్ పక్కన మరో కాలపు వస్తువులా కనిపించింది. 1994లో అదే కారు 1.3 లీటరు ఇంజనుతో ఎస్టీమ్ అయింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగాక దేవూ సీలో, ఫోర్డ్ ఎస్కార్ట్, 1998లో హోండా సిటీ, 1999లో హ్యుందాయ్ యాక్సెంట్, ఫోర్డ్ ఐకాన్ వరుసగా వచ్చాయి. ఎదురుచూపు కొనుగోలుదారు నుంచి డీలరుకు మారింది.

ఈ మార్పును పత్తి ఊళ్ల దాకా తెచ్చింది కంతుల అప్పు. లారీలకు, బస్సులకు హైర్ పర్చేజ్ పద్ధతి, అంటే సొమ్ము పూర్తిగా తీరేవరకు బండి ఫైనాన్సు కంపెనీది, నడుపుకునే హక్కు మాత్రం కొన్నవాడిది అనే ఒప్పందం, ఎప్పటినుంచో ఉంది. 1954లో మద్రాసులో మొదలైన సుందరం ఫైనాన్స్ వంటి సంస్థలు దక్షిణాదిలో దాన్ని విస్తరింపజేశాయి. సొంత కారుకు బ్యాంకు అప్పు సాధారణం కావడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. ఇందులో బండి కొన్నవాడి పేరు మీదే ఉంటుంది గాని, ఆర్‌సీ మీద అప్పిచ్చినవాడి పేరు హైపోథికేషన్ అనే పదంతో, అంటే వస్తువును చేతికివ్వకుండా పెట్టిన తాకట్టుగా, ఎక్కుతుంది. అప్పు తీరాక నిరభ్యంతర పత్రం తెచ్చి ఆ వరుసను కొట్టివేయించుకోవాలి. నెలజీతం ఉన్న ఉపాధ్యాయుడు, బ్యాంకు గుమాస్తా, విద్యుత్ శాఖ ఇంజనీరు ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయారు. పత్తి అమ్మి బతికే రైతుకు, మండీ వ్యాపారికి నెలనెలా కంతు అంత సులువు కాదు, వాళ్ల ఆదాయం నెలను బట్టి రాదు కనుక. దిగుబడి చేతికొచ్చిన ఏడు డౌన్‌పేమెంటు ఎక్కువ కట్టి కంతులు తగ్గించుకోవడం, లేదా అప్పే లేకుండా పాత కారు కొనడం వాళ్ల తోవ అయింది.

అప్పుతో పాటు డీజిలు కూడా సెడాన్‌ను దగ్గరికి తెచ్చింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ అదుపు తొలగినా డీజిలుది 2014 అక్టోబరు దాకా కొనసాగింది, ఆ కాలపు తొలి ఏళ్లలో రెండింటి ధరల మధ్య అంతరం బాగా పెరిగింది. ట్రాక్టరు కోసం, పంపుసెట్టు కోసం, లారీ కోసం చౌకగా ఉంచిన ఇంధనం మీద సెడాన్లు పరుగెత్తాయి. 2002లో వచ్చిన టాటా ఇండిగో, 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్, 2010 చివర వచ్చిన టయోటా ఎటియోస్ ఈ ఊళ్లలో సొంతానికీ, బాడుగకూ ఒకేలా పనికొచ్చాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకో బళ్లారికో రాయచూరుకో పోయిరావలసిన వ్యాపారి లెక్కలో మైలేజీ అన్నిటికంటే పైన ఉండేది; మెత్తని సీటు, చల్లని ఏసీ ఆ తరువాతవి.

డిక్కీని కోసిన కథ కూడా ఈ కాలందే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలు ఇంజను 1,200, డీజిలు ఇంజను 1,500 సీసీలు మించని కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఉద్దేశం చిన్నకార్ల పరిశ్రమను పెంచడం. కంపెనీలు ఆ గీత దగ్గర ఆగి, సెడాన్ తోకను గీతకు లోపలికి మడిచాయి. టాటా 2008లో ఇండిగో సీఎస్ పేరుతో మొదట ఆ పని చేసింది. 4,160 మిల్లీమీటర్లుండిన డిజైర్ 2012లో 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుని వచ్చింది. పక్కనుంచి చూస్తే ఆ బండ్ల వెనుక భాగం ఎవరో గోడకు ఆనించి నొక్కినట్టు ఉంటుందని వెక్కిరించినవారు ఉన్నారు, ఆ విమర్శలో అన్యాయం లేదు. అయినా కొనుగోలుదారు అందాన్ని కాకుండా మిగిలిన సొమ్మును చూశాడు: డిక్కీ ఉంది, పేరు ఉంది, పన్ను తక్కువ. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు కూడా నాలుగు మీటర్ల గీత నిలిచింది. గీత దాటిన 1,500 సీసీల లోపు కారు మీద సెస్సుతో కలిపి భారం కొద్ది నెలల్లోనే 45 శాతానికి చేరింది. అసలైన మధ్యతరహా సెడాన్, అంటే సిటీ, వెర్నా, సియాజ్ వంటివి, ఆ గీతకు అవతల ఉండి మధ్యతరగతికి దూరమవుతూ వచ్చాయి.

సరిహద్దు ఊళ్ల కార్లకు మరొక లక్షణం నంబరు పలకలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం అమలయ్యాక కర్నూలు జిల్లాకు ఏపీ 21, బళ్లారికి కేఏ 34, రాయచూరుకు కేఏ 36 సంకేతాలు వచ్చాయి, ఆదోని వీధుల్లో ఈ మూడూ కలిసే కనిపిస్తాయి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలన్నది చట్టం. అందుకు మొదటి రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. అమ్మేవాడు బళ్లారిలో, కొనేవాడు ఆదోనిలో, ఇద్దరూ తెలుగు కన్నడాలు రెండూ మాట్లాడేవారే అయినా, వాళ్ల నడుమ బండి ఒక విదేశీ వస్తువులా కాగితాల మీద సరిహద్దు దాటవలసి వచ్చేది. బేరంలో ధర తెగిన వెంటనే వచ్చే ప్రశ్న అందుకే ఎన్‌ఓసీ, అంటే ఆ నిరభ్యంతర పత్రం, ఎవరు తెస్తారన్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ అన్ని జిల్లాలకూ కలిపి ఏపీ 39 అనే ఒకే సంకేతం ప్రవేశపెట్టాక, పలకను చూసి ఇది కర్నూలు బండి అని పోల్చుకునే వీలు కొత్తవాటి విషయంలో పోయింది. ఏపీ 21 కనబడితే కనీసం ఇన్నేళ్ల పాతది అని లెక్కకట్టే వీలు మాత్రం మిగిలింది.

ఈ ప్రాంతంలో కారు సొంతం చేసుకోవడమన్నది ఎక్కువగా పాత కారు కొనడమే కాబట్టి ఆ విద్యను కొంత దగ్గరగా చూడాలి. ఎమ్మిగనూరులో పుష్యమాసంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎడ్ల సంత కూడా పేరున్నదే. ఎద్దును కొనేవాడు పళ్లు చూసి వయసు తెలుసుకుంటాడు, నడిపించి కాలు చూస్తాడు, సుడులు చూసి శకునం తేల్చుకుంటాడు. పశువుల సంతల్లో దలాలి తుండు కింద వేళ్లు పట్టి నలుగురికీ వినబడకుండా ధర చెబుతాడు. పాత సెడాన్ చుట్టూ మెకానిక్ తిరిగే తీరులో ఆ పరీక్ష ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. అతడు బానెట్ ఎత్తి ఆయిలు కొలిచే కడ్డీ లాగి, దాని కొసన ఉన్న చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు. ఇంజను తిరుగుతుండగా ఆయిలు మూత విప్పి లోపలినుంచి పొగ ఎగదన్నుతోందా అని గమనిస్తాడు, ఎగదన్నితే పిస్టను రింగులు అరిగినట్టు. మీటరు చూపే కిలోమీటర్లను అతడు పట్టించుకోడు, మీటరు తిప్పడం తెలియని బేరం లేదు గనుక. దానికి బదులు బ్రేకు పెడలు రబ్బరు ఎంత నున్నబడింది, స్టీరింగు మీద చేయి పట్టే చోట తోలు ఎంత మెరుస్తోంది అని చూస్తాడు. ఎద్దు పళ్లలాగే అవి అబద్ధమాడవు. చివరికి డిక్కీ తెరిచి, అడుగున పరిచిన చాప ఎత్తి, స్టెప్నీ కూర్చునే గుంతలో వేలితో తడుముతాడు. వెనుకనుంచి గుద్దించుకుని బాగుచేసిన బండి ఎంత రంగు వేసుకున్నా, ఆ గుంత అంచున వెల్డింగు అతుకులో, తుప్పులో దొరికిపోతుంది. స్టెప్నీ అన్నది వేల్స్‌లోని ఒక వీధి పేరు, అదనపు చక్రం తయారు చేసిన కంపెనీ ఆ వీధిలో ఉండేది. రాయలసీమ మెకానిక్ నోటిలో అది ఇప్పుడు అచ్చమైన షెడ్డు మాట.

పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్‌ను తిరిగి పరీక్ష చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి, దానిపై హరిత పన్ను కట్టాలి. నగరాల్లో ఆ ఖర్చుకు వెనుకాడి అమ్మేసిన బండ్లు చిన్న ఊళ్లకు చేరడం దేశమంతటా ఉన్న ప్రవాహమే. హైదరాబాదులో, బెంగళూరులో రెండో యజమాని చేతిలో పదేళ్లు గడిపిన యాక్సెంటు, సిటీ, డిజైరు ఈ వైపు వచ్చి మూడో, నాలుగో యజమానిని చూసుకుంటాయి. కొత్తగా ఉన్నప్పుడు ఆ బండిని కొనే స్థోమత లేనివారికి, ఆ బండి ముసలిదయ్యాక, హోదా చేతికి అందుతుంది. ఆ హోదాకు అయ్యే మరమ్మతు ఖర్చు మాత్రం కొత్తబండి ధరను బట్టే ఉంటుంది, ఈ సంగతి చాలామందికి ఏసీ కంప్రెసరు పోయిన వేసవిలో తెలుస్తుంది.

సెడాన్‌కు ఇక్కడ నిజమైన ప్రత్యర్థి నేల. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు చీలి పైనున్న రోడ్డును కుదురుగా ఉండనివ్వదు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మాధవరం మీదుగా రాయచూరు వైపు పోయే 167వ జాతీయ రహదారి సంగతి ఎలా ఉన్నా, కౌతాళం, కోసిగి, హొళగుంద మండలాల పల్లెదారుల్లో 160, 170 మిల్లీమీటర్ల నేలఎత్తు ఉన్న బండి నిండుగా మనుషులతో గతుకులో దిగితే అడుగు తగులుతుంది. నేలఎత్తు అంటే బండి కింది భాగానికీ రోడ్డుకూ మధ్య ఖాళీ. గత పదేళ్లలో ఎత్తైన ఎస్‌యూవీలవైపు కొనుగోలుదార్లు మళ్లడానికి దేశవ్యాప్తంగా ఫ్యాషన్ ఒక కారణం కావచ్చు, ఈ మండలాల్లో దానికి ఫ్యాషన్ అవసరం లేదు. రాయలసీమలోనే పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం సెల్టోస్, సోనెట్ వంటి ఎత్తైన బండ్లతోనే దేశీయ మార్కెట్‌ను పట్టింది, ఇంటి పక్కన కార్లు తయారవుతున్నా వాటిలో డిక్కీ కారు లేదు. కాలుష్య ప్రమాణాలు బీఎస్ 6కు మారిన 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిలు ఇంజన్లను వదిలేసింది. 2014లో వచ్చిన సియాజ్ 2025లో ఆగిపోయింది. 2025 సెప్టెంబరు 22న వస్తుసేవల పన్ను మళ్లీ మారి, నాలుగు మీటర్ల లోపు చిన్నకార్లకు 18 శాతం, మిగతావాటికి సెస్సు లేకుండా 40 శాతం అయింది. అంటే కోసిన డిక్కీకి, కోయని డిక్కీకి నడుమ పన్ను తేడా ఇరవైరెండు పాళ్లు.

సొంతకారుగా తగ్గుతున్న సెడాన్ బాడుగ బండిగా మాత్రం నిలిచింది. పసుపు పలక, అంటే అద్దెకు తిప్పే అనుమతి ఉన్న బండి, ఇప్పటికీ ఎక్కువగా డిక్కీ కారే, ఎందుకంటే గుడికి పోయే కుటుంబానికి సామాను కళ్లకు కనబడకుండా తాళం వేసిపెట్టే చోటు కావాలి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి, గురువారాల్లో మంత్రాలయానికి ఇవి బారులు తీరుతాయి. మంత్రాలయంలో కొత్తబండికి చేసినట్టే, ఏపీ 21 నంబరుతో నాలుగో యజమాని చేతికి వచ్చిన పాత ఎస్టీమ్‌కూ పూజ చేయిస్తారు. బానెట్ మీద గంధం పసుపు కుంకుమలు, అద్దానికి పూలదండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. టెంకాయ కొట్టాక డ్రైవరు బండిని అంగుళం అంగుళంగా ముందుకు కదిలిస్తాడు, నిమ్మకాయలు చితికిన చప్పుడు విన్న తరువాతే ఇంట్లోవాళ్లు డిక్కీ తెరిచి జొన్నరొట్టెల మూట బయటికి తీస్తారు.